చెన్నై శాంతోమ్ చర్చి: అమ్మ తోమా గారి సమాధి దాకా వెళ్లగలదా?

ప్రశ్న: అమ్మ నెల్లూరు నుంచి పెరంబూరులో మా ఇంటికి వస్తోంది. అక్కడి ఏసుప్రభువు శిష్యుడు తోమా గారి సమాధి చూడాలని ఎప్పటినుంచో కోరిక. మోకాళ్ల నొప్పులు, అదే టెన్షన్. మెట్లు ఉంటాయా?

జవాబు 1: ఉంటాయండీ. సమాధికి చర్చి వెనకవైపు వేరే దారి, కిందికి దిగాలి. చెయ్యి పట్టుకుని నెమ్మదిగా దింపండి, తొందర పెట్టకండి. కింద చిన్న ప్రార్థనాలయం, బలిపీఠం దగ్గర పడుకున్న తోమా గారి విగ్రహం. మా అత్తమ్మ అక్కడ కూర్చుంటే లేవదు! పైన తెల్లటి చర్చి 1896లో పూర్తయింది. అంతకుముందు అక్కడ పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో కట్టినది ఉండేది. 1986లో పోప్ రెండో జాన్ పాల్ కూడా వచ్చారు. ఆదివారం పూజల రద్దీ ఎక్కువ, మామూలు రోజు పొద్దున్నే వెళ్లండి.

జవాబు 2: తోమా గారి పేరుతోనే ఉన్న కొండ, సెయింట్ థామస్ మౌంట్ కూడా చూపించండి. కొండపైకి కారు వెళ్తుంది. 1547లో తవ్వకంలో దొరికిన రాతి సిలువ అక్కడే ఉంది, చుట్టూ పహ్లవీ (పాతకాలపు పర్షియా లిపి) అక్షరాలు. దగ్గరికెళ్లి చూడండి.

ప్రశ్న అడిగినవారు: చాలా థాంక్సండీ. బుధవారం శాంతోమ్, ఓపిక ఉంటే మౌంట్ మర్నాడు.