12 ఏళ్ళ పవర్ సప్లైలు: పోయేదాకా ఆగాలా, ముందే మార్చేయాలా? స్పేర్లు ఎన్ని ఉంచాలి?

ప్యానెల్‌డోర్24:
అందరికీ నమస్తే. మా ప్లాంట్‌లో కంట్రోల్ ప్యానెల్స్‌లో డిన్ రైల్ (పరికరాలు బిగించే లోహపు పట్టీ) మీద 24 వోల్టుల పవర్ సప్లైలు 40 దాకా ఉన్నాయి, కొన్ని 5 ఆంప్స్, ఎక్కువ 10 ఆంప్స్, అన్నీ కమిషనింగ్‌లో, అంటే ప్లాంట్ మొదట నడపడం మొదలుపెట్టినప్పుడు పెట్టినవే, అంటే 12 ఏళ్ళు అయిపోయింది. పోయిన నెల షట్‌డౌన్‌లో 4 రోజులు పవర్ తీసి మళ్ళీ ఇస్తే మూడు లేవలేదు. ముందు రోజు దాకా ఒక్క అలారం లేకుండా నడిచినవే అవి. సరే అని స్టోర్‌లోంచి రెండు స్పేర్లు తెప్పిస్తే అందులో ఒకటి, 9 ఏళ్ళుగా సీలు కూడా విప్పకుండా ర్యాక్‌లో ఉన్నది, ఖాళీగా 24 చూపిస్తోంది గానీ లోడ్ కలపగానే 17కి పడి మళ్ళీ లేచి మళ్ళీ పడుతోంది. చివరికి అంత ముఖ్యం కాని ప్యానెల్‌లోంచి రెండు ఊడదీసి పెట్టి ప్లాంట్ స్టార్ట్ చేశాం, ఆ రాత్రి నేను పడ్డ టెన్షన్ మళ్ళీ పడదల్చుకోలేదు.

నడుస్తున్నవి ఆపితే ఎందుకు లేవట్లేదు? మిగతావన్నీ మార్చేయాలా? స్పేర్లు ఎన్ని పెట్టుకోవాలి, ఎలా ఉంచాలి? రిడండెన్సీ (ఒకటి పోతే రెండోది మోసేలా జతగా పెట్టడం) ఉంది కదా, పోయినప్పుడు మారుద్దాంలే అంటున్నారు పైవాళ్ళు, వాళ్ళకి ఏం చెప్పాలో కూడా చెప్పండి.

రిపేర్‌బెంచ్:
బ్రో, నేను ఇలాంటివి విప్పి చూసే పనిలోనే ఉన్నా, నువ్వు చెప్పింది చాలా మామూలుగా జరిగేదే. చాలా సప్లైల్లో ప్రైమరీ వైపు, అంటే మెయిన్స్ కరెంట్ వచ్చే వైపు, ఒక చిన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఉంటుంది, పవర్ ఇవ్వగానే ఒక రెసిస్టర్ ద్వారా అది ఛార్జ్ అయ్యి కంట్రోల్ ఐసీని (సప్లైని నడిపే చిప్‌ని) లేపుతుంది, ఒకసారి లేచాక ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఇంకో వైండింగ్ ఐసీకి కరెంట్ ఇస్తుంది కాబట్టి ఆ తర్వాత ఆ కెపాసిటర్ మీద పెద్ద భారం ఉండదు. అది ఎక్కువగా వేడి పార్టుల పక్కనే ఉండి ఏళ్ళ తరబడి మెల్లగా ఎండిపోతూ ఉంటుంది. నడుస్తున్నంత సేపు వేడిగా ఉంటుంది కాబట్టి లోపలి రెసిస్టెన్స్ కొంచెం తక్కువే ఉండి బండి లాగేస్తుంది. 4 రోజులు ఆపి చల్లారనిచ్చి స్విచ్ వేస్తే ఐసీని నిలబెట్టేంత ఛార్జ్ అందులో ఉండదు, ఐసీ లేస్తుంది పడిపోతుంది, అంతే. కాబట్టి అవి షట్‌డౌన్‌లో పోలేదు, ఎప్పుడో పోయాయి, షట్‌డౌన్‌లో బయటపడ్డాయి.

ఇక వయసు సంగతి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌కి 10 డిగ్రీలు వేడి తగ్గితే ఆయుష్షు దాదాపు రెట్టింపు అని లెక్క వేస్తాం. 105 డిగ్రీల దగ్గర 5000 గంటలు అని రాసి ఉన్న కెపాసిటర్ 65 డిగ్రీల్లో ఉంటే 80,000 గంటలు, అంటే సుమారు 9 ఏళ్ళు. అదే 55లో ఉంటే 18 ఏళ్ళు. ఇది ప్యానెల్ టెంపరేచర్ కాదు, కెపాసిటర్ ఒంటి మీద వేడి. నీ 12 ఏళ్ళు అంటే లక్షా 5 వేల గంటలు, కాబట్టి వేడి ప్యానెల్స్‌లో ఉన్నవి దాటేసినట్టే. చల్లటి ప్యానెల్‌లో సగం లోడ్ మీద ఉన్నవి ఇంకా బాగానే ఉండొచ్చు, అన్నీ ఒకేసారి పీకేయనక్కర్లేదు, వేడి ఎక్కడ ఎక్కువో అక్కడినుంచి మొదలుపెట్టు.

డేటాషీట్‌లో 5 లక్షల గంటల ఎంటీబీఎఫ్ (ఒక ఫెయిల్యూర్‌కి ఇంకో ఫెయిల్యూర్‌కి మధ్య సగటు సమయం) అని ఉంటుంది, అది చూసి 57 ఏళ్ళు నడుస్తుంది అనుకునేవాళ్ళు చాలామంది. అరిగిపోయే వయసు రాకముందు యాదృచ్ఛికంగా పోయే రేటు మాత్రమే అది, కెపాసిటర్ ఎండిపోవడం ఆ లెక్కలో రాదు. మీ పైవాళ్ళకి ఇది చెప్పు.

షెల్ఫ్‌లో ఉన్న దాని కథ వేరే. వోల్టేజ్ లేకుండా ఏళ్ళు పడుంటే లోపలి ఆక్సైడ్ పొర బలహీనపడి లీకేజీ పెరుగుతుంది. నీ స్పేర్‌ని పారేయకు, ముందు లోడ్ లేకుండా కొన్ని గంటలు వదిలి, తర్వాత సగం లోడ్, ఆ తర్వాత పూర్తి లోడ్ పెట్టి చూడు. నిలబడితే నిలబడినట్టు, లేకపోతే దాన్ని ట్రైనింగ్‌కి వాడుకో. మూత మాత్రం వెంటనే విప్పొద్దు, ప్రైమరీ కెపాసిటర్ మీద 300 వోల్టులకి పైనే ఉంటుంది, మెయిన్స్ తీశాక కూడా కాసేపు అక్కడే ఉంటుంది.

షిఫ్ట్‌బి_డీసీఎస్:
పైన అన్న చెప్పిందంతా కరెక్టే, నేను మార్చేటప్పుడు వచ్చే తిప్పల గురించి చెప్తా, ఎందుకంటే మేం ఒకసారి మార్చబోయి నడుస్తున్న ప్లాంట్‌ని పడగొట్టుకున్నాం.

రెండు సప్లైలు, వాటి అవుట్‌పుట్లని డయోడ్ల ద్వారా కలిపే రిడండెన్సీ మాడ్యూల్, అంతా ఉంది. ఒకటి చెడిపోతే దాని ఎంసీబీ (చిన్న సర్క్యూట్ బ్రేకర్) దించి వైర్లు ఊడదీశాం, వెంటనే సగం ఐఓ (ఇన్‌పుట్, అవుట్‌పుట్ సిగ్నల్స్) పోయింది. చూస్తే ప్యానెల్ కట్టినవాళ్ళు 0 వోల్ట్ కామన్‌ని, అంటే మైనస్ వైర్‌ని, ఒక సప్లై టెర్మినల్ మీంచి ఇంకో సప్లై టెర్మినల్‌కి, అక్కడినుంచి లోడ్లకి లూప్ కొట్టారు. ప్లస్ వైపు రెండు దారులున్నాయి, మైనస్ వైపు మేం ఊడదీసిన స్క్రూ కిందే అంతా ఉంది. కాబట్టి ముందు డ్రాయింగ్ కాదు, టార్చ్ పట్టుకుని మైనస్ వైర్లు ఎటు పోతున్నాయో కళ్ళతో చూడండి, లూప్ ఉంటే షట్‌డౌన్‌లో దాన్ని బస్‌బార్ మీదకి మార్చేయండి.

రిడండెన్సీ ఉంది కదా అనేవాళ్ళని ఒక్క ప్రశ్న అడగండి, లోడ్ ఎంత? రెండు 10 ఆంప్స్ సప్లైల మీద 14 ఆంప్స్ లాగుతుంటే అది రిడండెన్సీ కాదు, ఒకటి పోతే రెండోది కూడా కూర్చుంటుంది. ఏళ్ళ తరబడి ఒక్కో ట్రాన్స్‌మిటర్, ఒక్కో స్విచ్ కలుపుకుంటూ పోతారు, ఎవరూ క్లాంప్ మీటర్ పెట్టరు. ఇంకోటి, రెండూ ఒకే రోజు పెట్టినవి, ఒకే బ్యాచ్, ఒకే వేడి, కాబట్టి ఒకటి ముసలిదైతే రెండోది కూడా ముసలిదే. జతలో ఒకదాన్ని ఈ ఏడు, రెండోదాన్ని రెండు మూడేళ్ళ తర్వాత మార్చండి. సప్లై బాగుందో లేదో చెప్పే డీసీ ఓకే కాంటాక్ట్‌ని పీఎల్‌సీ (ప్లాంట్‌ని నడిపే కంట్రోలర్) ఇన్‌పుట్‌కి తెచ్చి అలారం పెట్టండి, లేకపోతే ఒకటి ఎప్పుడు పోయిందో ఎవరికీ తెలియదు.

ఇంకా ఒకటి. 24 వోల్టుల సప్లై, పీఎల్‌సీ ర్యాక్ సప్లై ఒక గాటన కట్టకండి. సీమెన్స్ ఎస్7-300లో పీఎస్ 307 ఉత్త 24 వోల్టులే ఇస్తుంది, బ్యాక్‌ప్లేన్‌తో (మాడ్యూళ్ళని కలిపే వెనక బోర్డుతో) దానికి పనిలేదు, కాబట్టి దాని బదులు వేరే మంచి 24 వోల్టులది పెట్టినా నడుస్తుంది. ఎస్7-400లో పీఎస్ 407 అలా కాదు, ర్యాక్‌లోకే గుచ్చుకుని 5 వోల్టులు కూడా అదే ఇస్తుంది, బ్యాకప్ బ్యాటరీ కూడా అందులోనే ఉంటుంది, దానికి అదే ఫ్యామిలీ సప్లై కావాలి. పీకేముందు ప్రోగ్రామ్ బ్యాకప్ చేతిలో ఉందా, అది ఆన్‌లైన్‌తో సరిపోయిందా చూసుకోండి, ర్యామ్‌లో ఉన్నది పోతే మొత్తం మళ్ళీ డౌన్‌లోడ్ చేయాల్సిందే. ఎస్7-300 సిరీస్‌కి 2023 అక్టోబర్ 1న ఫేజ్ అవుట్ (మెల్లగా అమ్మకం ఆపేయడం) మొదలైంది, పాత ర్యాక్‌లు ఉన్నవాళ్ళు ఇప్పుడే లెక్క చూసుకోవడం మంచిది.

ర్యాక్‌లెక్క:
స్పేర్లు ఎన్ని అన్నదానికి ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. పది శాతం అని గుడ్డిగా పెట్టొద్దండి. ఆర్డర్ పెట్టిన రోజు నుంచి సరుకు చేతికి వచ్చేదాకా ఎన్ని పోతాయో అదే లెక్క. మీ 40 సప్లైల్లో ఏడాదికి సగటున 2 పోతున్నాయి, సరుకు రావడానికి 6 నెలలు పడుతుంది అనుకోండి, ఆ గ్యాప్‌లో సగటున 1 పోతుంది. ఒక్క స్పేరే ఉంటే సరిపోయే అవకాశం 74 శాతం, రెండుంటే 92, మూడుంటే 98. నేనైతే మూడు పెడతా. కానీ ఈ లెక్క అక్కడక్కడా ఒకటి పోయే రోజులకే, షట్‌డౌన్ తర్వాత పవర్ ఇచ్చే రోజుకి పనికిరాదు, ఆ రోజుకి మాత్రం పాతవాటికి తగ్గట్టు ఇంకో మూడు నాలుగు ముందే తెప్పించి బెంచ్ మీద ఒకసారి లోడ్‌తో నడిపి ఉంచండి. 5 ఆంప్స్, 10 ఆంప్స్ విడివిడిగా కాకుండా వెడల్పు పడితే అన్నిచోట్లా 10 ఆంప్స్ ఒకే మోడల్ చేసేస్తే తక్కువ స్పేర్లతో సరిపోతుంది.

స్టోర్‌లో ఉంచినవాటికి చీటీ అంటించండి, తయారీ తేదీ, చివరగా పవర్ ఇచ్చిన తేదీ, ఎవరు టెస్ట్ చేశారు. ఏడాదికోసారి బయటికి తీసి లోడ్‌తో నడపండి, పాతది ముందు వాడండి. ఇన్‌పుట్ 115/230 సెలెక్టర్ ఉన్న మోడల్ అయితే అది ఎటు ఉందో చూసి చీటీ మీద రాయండి, కంగారులో అది చూడకుండా 230 ఇచ్చి కాల్చుకున్నవాళ్ళున్నారు.

ప్యానెల్‌డోర్24:
చాలా థాంక్స్ అన్నలూ. నిన్న క్లాంప్ మీటర్ పట్టుకుని తిరిగా. రిడండెంట్ అనుకున్న 8 జతల్లో 3 జతల్లో ఒక్కటి పోతే రెండోది మోయలేదు. 0 వోల్ట్ లూప్ కూడా రెండు ప్యానెల్స్‌లో అచ్చం మీరు చెప్పినట్టే ఉంది. స్పేర్‌ని రిపేర్‌బెంచ్ బ్రో చెప్పినట్టు ఖాళీగా 6 గంటలు వదిలి సగం లోడ్ పెట్టా, నిలబడింది, పూర్తి లోడ్‌లో మళ్ళీ పడుతోంది. ఒక డౌట్ మిగిలింది, వేరే కంపెనీది 24 వోల్ట్ 10 ఆంప్స్ పెడితే అంతా ఒకటేనా?

రిపేర్‌బెంచ్:
అయితే ఆ స్పేర్‌ని స్టోర్‌కి తిప్పి పంపకు, దాని మీద పెద్దగా రాసెయ్.

వేరే కంపెనీది పెట్టొచ్చు కానీ ఓవర్‌లోడ్ అయితే ఏం చేస్తుందో చూడు. కొన్ని కరెంట్‌ని కట్టేసి వోల్టేజ్ తగ్గించి నిలబడతాయి, కొన్ని ఆగి మళ్ళీ ప్రయత్నిస్తూ టిక్ టిక్ అంటుంటాయి, రెండో రకం మీద కెపాసిటర్లు ఎక్కువున్న లోడ్ పెడితే అసలు లేవకపోవచ్చు. ఇంకా కింద ఎంసీబీలు ఉంటే గుర్తుపెట్టుకో, 10 ఆంప్స్ సి కర్వ్ (మామూలుగా వాడే రకం) ఎంసీబీ షార్ట్‌లో ఖచ్చితంగా వెంటనే కొట్టాలంటే 100 ఆంప్స్ లేదా అంతకంటే ఎక్కువే కావాలి, మన సప్లై ఇచ్చేది 15 లోపే. పాత మోడల్‌కి కాసేపు బూస్ట్ ఉండి కొత్తదానికి లేకపోతే ఒక్క ఫీల్డ్ వైర్ షార్ట్ అయినా ఎంసీబీ కొట్టకుండా మొత్తం 24 వోల్టులు కూర్చుంటుంది. అలాంటిచోట ఎలక్ట్రానిక్ బ్రేకర్లు పెట్టు. వోల్టేజ్ సెట్ చేసేది ఆఖరి ప్యానెల్ చివర చూసి సెట్ చెయ్, ఐఈసీ 61131-2 (పీఎల్‌సీల అంతర్జాతీయ స్టాండర్డ్) ప్రకారం పీఎల్‌సీకి 20.4 నుంచి 28.8 దాకా ఓకే కానీ డయోడ్ మాడ్యూల్‌లోనే అర వోల్టు దాకా పోతుంది, పొడుగు కేబుల్‌లో ఇంకొంచెం.

నీ మూడు జతల్లో ముందు ఏది ఎక్కువ వేడిగా ఉందో అది, ఒక్కటే మొత్తం లోడ్ మోసేలా మార్చు, మార్చాక ఆ రోజే ఒక్కోదాన్ని ఆపి రెండోది మోస్తోందో లేదో చూసుకుని అప్పుడు తలుపు వెయ్.