అప్‌డేట్: ఫ్రోజెన్ చికెన్ వాసన సమస్య తీరింది

పోయిన నెల అడిగాను కదా, మా కర్రీ పాయింట్‌లో 10 కిలోల ఫ్రోజెన్ చికెన్ దిమ్మ రాత్రంతా ఫ్రిజ్‌లో కరగబెట్టినా పొద్దున్నకి పైన జిగురు, వాసన, లోపల మాత్రం ఐసుగడ్డ అని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

అసలు దొంగ ఫ్రిజ్ తలుపు రబ్బరు! లోపల వేరే థర్మామీటర్ పెట్టి చూడమన్న సలహాతోనే బయటపడింది. డిస్‌ప్లేలో 4 డిగ్రీలు, నిజానికి ఉన్నది 11 డిగ్రీలు. ఫ్రిజ్‌లో 5 డిగ్రీలు దాటకూడదు కదా. మెకానిక్ రబ్బరు మార్చాక 3-4 దగ్గర నిలబడింది.

రెండోది, అంత పెద్ద దిమ్మ ఒక్క రాత్రిలో కరగదు. ఇప్పుడు 2 కిలోల ప్యాకెట్లే తెప్పించి, ముందురోజు పొద్దున్నే అన్నిటికంటే కింది అరలో, లోతైన ట్రేలో పెడుతున్నాను. ఆ నీళ్లు వేరే వాటి మీద కారవు. అర్జెంటైతే కవరు విప్పకుండా చన్నీళ్లలో ముంచి, అరగంటకోసారి నీళ్లు మార్చి, కరగగానే వండేస్తాం.

సప్లయర్‌ను అనవసరంగా అనుమానించాను, ఆయన సరుకు బాగానే ఉంది. ఉప్పు, వెనిగర్ చిట్కాలతో ఒరిగిందేమీ లేదు. మా వంటమాస్టర్ మాత్రం ఇంకా వేడినీళ్ల బకెట్ వైపే చూస్తుంటాడు.