డిసెంట్‌కి పక్కన 'విత్' పెట్టొచ్చా?

ప్రశ్న: ద్వారకానగర్ లైబ్రరీలో పోటీ పరీక్షలకి చదువుకుంటున్నానండి. పేపర్లో ఒక జడ్జి 'డిసెంటెడ్' అని కనబడింది. డిక్షనరీ చూస్తే 'డిసగ్రీ' అనే ఉంది. రెండూ ఒకటేనా? 'ఐ డిసెంట్ విత్ యూ' అనొచ్చా?

జవాబు: అనకూడదు బాబూ. మనం 'మీతో విభేదిస్తున్నాను' అంటాం కదా, ఆ 'తో' చూసుకుని 'విత్' రాసేస్తాం. డిసగ్రీకి అది సరిపోతుంది. డిసెంట్‌కి 'ఫ్రమ్' రావాలి. లాటిన్‌లో 'సెంటిరె' అంటే అనిపించడం, 'డిస్' అంటే విడిగా. నలుగురికీ అనిపించిన దాన్నుంచి విడిపోవడం అనుకుంటే 'ఫ్రమ్' గుర్తుంటుంది.

టీ బాగుందా లేదా అన్నదానికి డిసగ్రీ చాలు. డిసెంట్ అనాలంటే అవతల ఒక మెజారిటీయో, పెద్దల నిర్ణయమో ఉండాలి. మనం కాదన్నది బాహాటంగా ఉండాలి. మన రాజమండ్రి మనిషి జస్టిస్ కోకా సుబ్బారావు గారినే చూడండి. 1962లో సుప్రీంకోర్టులో, పోలీసు నిఘా మీద వచ్చిన ఖరక్ సింగ్ కేసులో, గోప్యత రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదని మెజారిటీ జడ్జీలు అన్నారు. వ్యక్తి స్వేచ్ఛలో అది భాగమేనని ఆయన విడిగా తీర్పు రాశారు. అదీ డిసెంట్. 2017లో తొమ్మిది మంది జడ్జీల బెంచి ఆయన మాటకే వచ్చింది.

పలికేటప్పుడు జాగ్రత్త. ఊత 'సెంట్' మీద పడాలి. 'డీ' అని సాగదీస్తే 'కుర్రాడు చాలా డీసెంట్' అయిపోతుంది!

ఇంకొకరు: తెలుగులో 'అసమ్మతి' సరిపోదా?

జవాబు: నామవాచకానికి సరిపోతుంది. కాకపోతే ఎన్నికలప్పుడు అసమ్మతి అంటే టికెట్ రానివాళ్ల గోలే గుర్తొస్తుంది. 'అసమ్మతించారు' అని ఎవరూ అనరు. 'విభేదించారు', 'భిన్నమైన తీర్పు ఇచ్చారు' అంటే హాయిగా ఉంటుంది.

మా ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్ మీటింగులో లిఫ్టు రిపేరుకి అందరూ సరేనన్నారు. గ్రౌండ్ ఫ్లోర్ ఆయన మాత్రం మినిట్స్ పుస్తకంలో 'ఐ డిసెంట్' అని రాసి సంతకం పెట్టారు. పద్ధతైన వాడుక. తర్వాత మెట్ల దగ్గర నాతో అరగంట వాదించింది మాత్రం డిసగ్రీ కిందకే వస్తుంది.

ప్రశ్న: మరి 'ఆబ్జెక్ట్' అంటేనో అండి?

జవాబు: ఇలా చేయడానికి వీల్లేదని అడ్డు చెప్పడం. దానికి 'టు' కావాలి, ఆ వెనక 'ఇంగ్' రూపం: 'ఐ ఆబ్జెక్ట్ టు పేయింగ్'. మా గ్రౌండ్ ఫ్లోర్ ఆయన అనాల్సింది నిజానికి ఇదే. కానీ డబ్బు అప్పటికే కట్టేశారు.