ఘాట్ రెయిలింగ్‌కి కాంటాక్ట్ మైక్: లోతు పోయి గరగర మిగులుతోంది

కృష్ణఒడ్డు:
విజయవాడ పద్మావతి ఘాట్‌లో ఇనుప రెయిలింగ్‌కి కాంటాక్ట్ మైక్‌గా (గాలి నుంచి కాక, వస్తువు కంపనం నుంచి శబ్దం తీసేది) 27 మి.మీ. పీజో బిళ్ల (కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే ఇత్తడి, సెరామిక్ బిళ్ల) ఫోమ్ టేపుతో అంటించి, రికార్డర్ మైక్ సాకెట్‌కి ఇచ్చాను. రెయిలింగ్‌కి చెవి ఆనిస్తే వంతెన మీద రైలు గుమ్మని వినిపిస్తుంది. రికార్డింగ్‌లో సన్నటి గరగర, గుయ్‌మనే హమ్. రైలు వెళ్లాక బుస్సుమని ఏదో పెరుగుతుంది. నాకు కావాల్సింది ఆ తర్వాతి నిశ్శబ్దమే. తప్పెక్కడండీ?

టంకంపొగ:
లోతు పోయింది ఇంపెడెన్స్ (సాకెట్ సిగ్నల్‌కి చూపే విద్యుత్ నిరోధం) వల్ల. ఆ బిళ్ల సుమారు 20 నానోఫారడ్ల కెపాసిటర్ లాంటిది. మైక్ సాకెట్ 3 కిలోఓమ్‌లైతే 2,650 హెర్ట్జ్ కిందిదంతా తగ్గిపోతుంది, రైలు గుమ్ము ఉండేదే అక్కడ. 1 మెగాఓమ్ ఇన్‌పుట్ అయితే ఆ హద్దు 8 హెర్ట్జ్‌కి దిగుతుంది. ఇంట్లో ఆడియో ఇంటర్‌ఫేస్ గిటార్ సాకెట్ చాలు. ఘాట్‌లో జేఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) బఫర్ కావాలి, అంటే బిళ్లకీ రికార్డర్‌కీ మధ్య పెట్టే చిన్న సర్క్యూట్.

హమ్‌కి షీల్డ్ వైరు వాడండి. నడి తీగ తెల్ల సెరామిక్ మీద, జాలీ (దాని చుట్టూ ఉండే తీగల అల్లిక) ఇత్తడి మీద సోల్డర్ చేయాలి. సెరామిక్ మీద 2 సెకన్లు దాటితే వెండి పూత లేచిపోతుంది. బిళ్లకి టేపు చుట్టి, పైన రాగి రేకు చుట్టి, రేకును జాలీకి కలపండి. ఫోమ్ టేపు తీసేయండి, కంపనాన్ని అదే మింగేస్తోంది. రెయిలింగ్ మీది పెచ్చులు గీకి చిన్న క్లాంప్ పెట్టండి. మరీ బిగిస్తే సెరామిక్ పగులుతుంది.

మౌనరాగి:
ఆ బుస్సు ఆటో గెయిన్ (రికార్డర్ తనే శబ్దం స్థాయిని ఎత్తడం, దించడం) పని. రైలు మోతకి గెయిన్ దించుతుంది, మోత తగ్గగానే ఎత్తుతుంది, అప్పుడు ప్రీయాంప్ (మైక్ సిగ్నల్‌ని పెంచే భాగం) సొంత నాయిస్ పైకొస్తుంది. ఆటో లెవెల్ (అదే ఆటో గెయిన్), లో కట్ (లోతు శబ్దాల్ని కోసేది), లిమిటర్ (మోత హద్దు దాటకుండా నొక్కేది) మూడూ ఆపి, రైలు గరిష్ఠం −12 డీబీ దాటకుండా చేత్తో సెట్ చేయండి. 24 బిట్ తప్పనిసరి.

తర్వాత నాయిస్ రిడక్షన్ మాత్రం వేయకండి, దయచేసి. అది చెరిపేది మీరు వెతుకుతున్నదాన్నే. 1952 ఆగస్టు 29న పియానిస్టు డేవిడ్ ట్యూడర్ అమెరికన్ స్వరకర్త జాన్ కేజ్ రచన ‘4 నిమిషాల 33 సెకన్లు’ను పియానో మీట నొక్కకుండా ప్రదర్శించినప్పుడు, మూడు భాగాలకీ ముందే రాసుకున్న కొలత ఉంది. ఆ కొలతే చుట్టూ ఉన్న చప్పుళ్లని వినదగ్గ సంగీతం చేసింది. మీరూ నిడివి ముందే రాసుకోండి, రైలు తోక వంతెన దాటాక 4 నిమిషాలు అనుకోండి. అంతసేపూ వైరు ముట్టొద్దు, వేలు తగిలినా పిడుగులా పడుతుంది.

కృష్ణఒడ్డు:
జేఫెట్ ఏది?

టంకంపొగ:
బీఎఫ్‌డబ్ల్యూ11, ఇంజినీరింగ్ ల్యాబుల్లో వాడే రకం. గేట్, సోర్స్, డ్రెయిన్ దాని కాళ్ల పేర్లు. బిళ్ల నడి తీగ గేట్‌కి, గేట్ నుంచి గ్రౌండ్‌కి 10 మెగాఓమ్, సోర్స్ నుంచి గ్రౌండ్‌కి 4.7 కిలోఓమ్, డ్రెయిన్‌కి 9 వోల్టుల బ్యాటరీ. సోర్స్ దగ్గర్నుంచి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా రికార్డర్‌కి. బఫర్‌ని బిళ్లకి జానెడు దూరంలోనే పెట్టండి, వైరు పొడుగైతే హమ్ మళ్లీ వస్తుంది.