పాపకి ఇంటర్‌లో ఏ గ్రూపు? ఎంపీసీయా, బైపీసీయా, సీఈసీయా?

ప్రశ్న (రాజోలు దగ్గర నుంచి)
అందరికీ నమస్కారం అండి. మా అన్నయ్య గారి అమ్మాయి పది పాసయింది. లెక్కలు బొటాబొటీ, సైన్సు బాగా చదువుతుంది. మాకు రొయ్యల చెరువులున్నాయి. నీళ్ళ టెస్టుకి వెళ్తే ల్యాబ్‌లో సీసాలో రంగు మారేదాకా కదలదు. ఇంట్లో అందరూ ఎంపీసీ అంటున్నారు. పక్కింటివాళ్ళు సీఈసీ తేలిక అంటున్నారు. పాలకొల్లు నుంచి ఒక కాలేజీ వాళ్ళు ఇంటికొచ్చి, ఈ వారంలో అడ్వాన్సు కడితే ఫీజు తగ్గిస్తామన్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు (జూనియర్ లెక్చరర్)
ముందు ఆ అడ్వాన్సు ఆపండి. టీసీ, మెమో ఒరిజినల్స్ కూడా ఇప్పుడే చేతికివ్వకండి, తర్వాత వెనక్కి రాబట్టుకోవడం పెద్ద గొడవ.

గ్రూపు ఎంచుకునేటప్పుడు ఏది తేలిక అని కాదు, ఏ దారి మూసుకుపోతుందో చూడండి. లెక్కలు వదిలేస్తే ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, ఎన్‌డీఏ (సైనిక అధికారుల శిక్షణ అకాడమీ)లో నేవీ, ఎయిర్‌ఫోర్స్ పోతాయి. బయాలజీ వదిలేస్తే నీట్, అగ్రికల్చర్ బీఎస్సీ, ఫిషరీస్ పోతాయి. బీఫార్మసీకి మాత్రం ఎంపీసీ వాళ్ళూ వెళ్ళొచ్చు. సీఏ, లా, సివిల్స్‌కి ఫలానా గ్రూపే ఉండాలని లేదు. కాబట్టి సీఈసీలో సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్ ఇష్టమై చదివితే మంచిదే, లెక్కల భయంతో మాత్రం వద్దు.

జవాబు (భీమవరం, ఆక్వా ల్యాబ్‌లో పని)
అండీ, మీ పాప సీసాలో చూస్తున్నది కెమిస్ట్రీ. పీహెచ్, అమ్మోనియా, ఆల్కలినిటీ అన్నీ అదే. రొయ్యలకొచ్చే వైట్‌స్పాట్ వైరస్‌ని పట్టే పీసీఆర్ టెస్టు చేసేటప్పుడు చూపిస్తే బయాలజీ కూడా తెలుస్తుంది. బైపీసీ చేసి ఈఏపీసెట్ ప్రవేశ పరీక్ష రాస్తే నాలుగేళ్ళ ఫిషరీస్ డిగ్రీ బీఎఫ్ఎస్సీకి ప్రయత్నించొచ్చు. సీటు రాకపోతే డిగ్రీలో ఆక్వాకల్చర్, మైక్రోబయాలజీ ఉన్నాయి. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీల్లో, మాలాంటి ల్యాబ్‌ల్లో ఆ చదువుకి పని దొరుకుతుంది.

ప్రశ్న అడిగినవారు
ఆయ్, థాంక్స్ అండి. ఎంబైపీసీ అని కొత్తగా వచ్చిందట, లెక్కలు, బయాలజీ రెండూ చదివిస్తే ఏ దారీ మూసుకుపోదు కదా?

జవాబు (జూనియర్ లెక్చరర్)
2025-26 నుంచి ఇంటర్ బోర్డు తెచ్చింది, నిజమే. అదే ఏడాది ఫస్టియర్‌లో లెక్కలు రెండు పేపర్ల బదులు వంద మార్కుల ఒకే పేపరు, బోటనీ, జువాలజీ కలిపి బయాలజీ ఒకే పేపరు అయ్యాయి. కానీ లెక్కలు బొటాబొటీగా ఉన్న పిల్లకి అది మోయలేని బరువు. నేనైతే వద్దంటాను. ఇంకో మాట, బైపీసీలోనూ ఫిజిక్స్ ఉంటుంది. మొదట్లోనే వెక్టర్లు వస్తాయి, సైన్, కాస్ తెలియకపోతే అక్కడే ఆగిపోతారు. ఈ సెలవుల్లో పదో తరగతి త్రికోణమితి మళ్ళీ చేయించండి.

కాలేజీ విషయానికొస్తే, దగ్గర్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీని కూడా చూడండి. పుస్తకాలు ఉచితం. 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు, మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మ గారి పేరు మీదే. సర్కారుదైనా ప్రైవేటుదైనా ఆఫీసులో అడిగితే అన్నీ ఉన్నాయనే అంటారు. గేటు దగ్గర సెకండియర్ పిల్లల్ని పట్టుకుని రెండే అడగండి: ఫిజిక్స్‌కి లెక్చరర్ ఉన్నారా, ల్యాబ్ తాళం ఎన్నిసార్లు తీశారు?

ప్రశ్న అడిగినవారు
అన్నయ్య బైపీసీకి ఒప్పుకున్నాడండి. చించినాడ వంతెన దాటి పాలకొల్లు రోజూ తిప్పడం కంటే ఇక్కడే చేర్పించి చూద్దామన్నాడు. మా అమ్మ మాత్రం అప్పుడే డాక్టరమ్మా అని పిలుస్తోంది!

జవాబు (జూనియర్ లెక్చరర్)
ఆ పిలుపు ఇప్పుడే మాన్పించండి. బైపీసీలో చేరిన వాళ్ళందరూ నీట్ రాయాలని లేదు. రాస్తానని పాప తనంతట తను అంటే అప్పుడు కోచింగ్ సంగతి మాట్లాడదాం.