ఏ దారీ కనబడనప్పుడు దేవుని శక్తిని నమ్మడం అంటే రోజువారీగా ఏం చేయాలి?

ఉదయతార (ప్రశ్న)

అందరికీ వందనాలు. నయం కాని జబ్బు, తీరే మార్గం లేని అప్పు, విరిగిపోయిన కాపురం. ఇలాంటి స్థితిలో ఉన్నవాళ్లకు మనం చెప్పే మాట ఒక్కటే: "దేవుడున్నాడు, నమ్ము." మాట మంచిదే. కానీ తెల్లారి లేచాక ఏం చేయాలో అది చెప్పదు. చిన్న వాక్యధ్యాన బృందం కోసం ఈ అంశం సిద్ధం చేస్తున్నాను. నాలుగు వారాల పాఠం. ఓదార్పు మాటలు కాకుండా పద్ధతి కావాలి.

నాకు తెగనివి మూడు. "ఎందుకిలా చేశావు ప్రభువా" అని అడగడం అవిశ్వాసమా? మందులు వాడుతూ, లాయరును పెట్టుకుంటూ "దేవునికి అప్పగించాను" అనొచ్చా? ఎంత ప్రార్థించినా అడిగింది జరగకపోతే ఆ మనిషికి ఏం చెప్పాలి? అధ్యాయం, వచనంతో సహా చెబితే మేలు.

కీర్తనల పాఠకుడు

సిస్టర్, మొదటి ప్రశ్నకు జవాబు కీర్తనల గ్రంథంలోనే ఉంది. 150 కీర్తనల్లో దాదాపు మూడో వంతు మొరలే. పైగా వాటిలో చాలావాటి మీద "ప్రధాన గాయకునికి" అని ఉంటుంది, అంటే ఆరాధనలో పాడుకోవడానికి ఇచ్చినవి. బైబిలు తప్పుపట్టింది సణుగుడును. ఇశ్రాయేలీయులు తమ గుడారాల్లో కూర్చుని దేవుని గురించి ఒకరితో ఒకరు చెప్పుకున్నారు (ద్వితీయోపదేశకాండము 1:27). దావీదు అదే బాధను నేరుగా దేవునికే చెప్పాడు. తేడా అక్కడుంది.

పద్ధతి కావాలంటే 13వ కీర్తన తీసుకోండి. ఆరే వచనాలు. 1, 2 వచనాల్లో "ఎంతకాలం" అనే ప్రశ్న నాలుగుసార్లు. 3, 4లో అడగడం. 5, 6లో నమ్మకం. ఒక నోటుబుక్కులో పేజీని మూడు భాగాలు చేసి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు కూర్చుంటే చాలు.

పై భాగంలో ఉన్నది ఉన్నట్టు రాయాలి. "పరిస్థితి చాలా ఘోరంగా ఉంది ప్రభువా" అని కాదు. "ఈ మందు పని చేయడం లేదని డాక్టరు చెప్పారు", "నెలాఖరుకు కట్టాల్సిన వడ్డీలో సగం కూడా చేతిలో లేదు" అని. మధ్య భాగంలో ఒక్క మనవి, పేరుతో, విషయంతో. "మమ్మల్ని ఆశీర్వదించు" అని రాస్తే జవాబు వచ్చినా గుర్తుపట్టలేం. "రేపు డాక్టరుతో మాట్లాడేటప్పుడు అమ్మకు భయం లేకుండా చెయ్యి" అంటే రేపు సాయంత్రానికి తెలుస్తుంది. కింది భాగంలో మన మనసు ఎలా ఉందో రాయకూడదు, దేవుడు ఇప్పటికే చేసినది రాయాలి. 6వ వచనంలో దావీదు ఆనుకున్నది దేవుడు తనకు చేసిన మేలునే. రాసినది గొంతెత్తి చదవాలి. మనసులో అనుకుంటే రెండు నిమిషాల్లో ఆలోచన పక్కకు పోతుంది.

ఎక్కడ చెడుతుందంటే, పై భాగం వదిలేసి నేరుగా స్తుతికి దూకేవాళ్ల ప్రార్థన నాలుగు రోజుల్లో అప్పజెప్పే పాఠంలా తయారవుతుంది. పై భాగంలోనే ఆగిపోయేవాళ్లు ప్రార్థన పేరుతో దిగులును నెమరు వేస్తుంటారు. కింది భాగం ఎంతకీ రాని రోజులూ ఉంటాయి. ఆ రోజులకు 88వ కీర్తన ఉంది. 18 వచనాలు, చివరి మాట చీకటి. చివర్లో వెలుగు కిరణం ఏమీ లేదు. ఉన్నదల్లా మొదటి వచనంలోని పిలుపు: "నా రక్షణకర్తవగు దేవా". ఆ పూట అంతవరకు చాలు, బలవంతంగా కింది భాగం నింపొద్దు.

విజయధ్వని

ఇదంతా నోటితో ఒప్పుకుంటే విశ్వాసం నీరుగారిపోదా? నెగెటివ్ మాట నోటి నుంచి రానివ్వకూడదు. లేనిదాన్ని ఉన్నట్టుగా పలకాలి. అబ్రాహాము చేసింది అదే. రోమా 4 చూడండి.

బారూకు శిష్యుడు

బ్రదర్, ఆ అధ్యాయమే చూద్దాం. 17వ వచనంలో లేనివాటిని ఉన్నట్టుగా పిలిచేది దేవుడు, అబ్రాహాము కాదు. 19వ వచనం ప్రకారం అబ్రాహాము చేసిందేమిటంటే, నూరేళ్లకు దగ్గరపడిన తన శరీరం, శారా గర్భం రెండూ "మృతతుల్యము" అని ఆలోచించాడు. లెక్క తప్పించుకోలేదు. ఆ లెక్క తెలిసీ, కొడుకు పుడతాడని మాట ఇచ్చిన దేవుడు చేయగలడని రూఢిగా నమ్మాడు. డాక్టరు రిపోర్టు విప్పకపోవడం విశ్వాసం కాదు. పౌలు కూడా ఆసియలో వచ్చిన శ్రమ గురించి బతుకు మీద ఆశ వదులుకున్నామని రాసేశాడు (2 కొరింథీ 1:8). దాచలేదు. మృతులను లేపే దేవుని మీదే నమ్మిక పెట్టడానికి అలా జరిగిందని తర్వాతి వచనంలో చెప్పాడు.

ఉదయతార సిస్టర్, మీ రెండో ప్రశ్నకు యిర్మీయా 32 కన్నా మంచి భాగం నాకు తెలీదు. ఒక వారం మొత్తం దానికే ఇవ్వండి. యూదా రాజు సిద్కియా ఏలుబడిలో పదో సంవత్సరం. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం. ప్రవక్త యిర్మీయా బందీగా ఉన్నాడు. ఆ సమయంలో అనాతోతులో పొలం కొనమని దేవుని మాట. శత్రువు చేతికి పోబోయే నేల! పదిహేడు తులాల వెండి త్రాసులో తూచి ఇచ్చాడు. క్రయపత్రం రాసి, సాక్షులను పెట్టి, ముద్ర వేసినది ఒకటి, తెరిచి ఉన్నది ఒకటి తన లేఖకుడు బారూకుకు అప్పగించాడు. చాలాకాలం పాడుకాకుండా మట్టికుండలో పెట్టమన్నాడు.

రెండు సంగతులు జనం గమనించరు. ఒకటి, యిర్మీయా ధైర్యంగా "నీకు అసాధ్యమైనది ఏదీ లేదు" అన్న ప్రార్థన (17వ వచనం) పత్రం ఇచ్చేసిన తర్వాతిది. అదే ప్రార్థన చివర్లో, నగరం కల్దీయుల (బబులోనువాళ్ల) పాలవుతుంటే నన్ను పొలం కొనమంటావేంటి అని అడుగుతున్నాడు (25). అంటే అనుమానం పూర్తిగా తీరాక విధేయత చూపలేదు. ముందు పని చేశాడు, తర్వాత అడిగాడు. రెండు, దేవుడు 27వ వచనంలో "నాకు అసాధ్యమైనది ఏదైనా ఉందా" అన్న వెంటనే, 28లో ఈ నగరం పడిపోతుందనే చెప్పాడు. ముట్టడి తొలగలేదు. పొలాలు మళ్లీ కొంటారన్న మాట బబులోను చెర నుంచి జనం తిరిగొచ్చాకటి కాలానికి.

దీన్ని ఆచరణలోకి తేవాలంటే "దేవుడు మిగతాది చూసుకుంటాడు" అన్నట్టు ఈ వారంలో చేయగల ఒక్క పని ఎంచుకోమనండి. అప్పుల్లో ఉన్నవాళ్లు ప్రతి బాకీ అసలు, వడ్డీ, గడువు ఒకే కాగితం మీద రాయడం, ఇచ్చినవాళ్ల ఫోను ఎత్తి నిజం చెప్పడం, పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు చేయకపోవడం. కాపురం విషయంలో "నువ్వు కూడా..." అన్న తోక లేని క్షమాపణ ఒకటి.

ఒక హెచ్చరిక. మనసులో తోచిన ప్రతిదాన్నీ దేవుని మాట అనుకుని మందులు మానేసేవాళ్లు, ఉద్యోగం వదిలేసేవాళ్లు ఉన్నారు. యిర్మీయా అంతటివాడు కూడా మాట వినగానే పరుగెత్తలేదు. ఆ మాట ప్రకారమే అతని పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి పొలం కొనమని అడిగాక, ఇది యెహోవా వాక్కు అని తెలుసుకున్నానంటాడు (8).

రెండో మైలు

మందుల సంగతికి చిన్న చేర్పు. జబ్బుపడ్డ రాజు హిజ్కియాకు 15 ఏళ్ల ఆయుష్షు పెంచుతానని దేవుడు చెప్పాక కూడా, ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20:6, 7). నెహెమ్యా 4:9లో ప్రార్థన, కావలి ఒకే వచనంలో ఉన్నాయి. రాజు ఆసా తప్పు వైద్యుల దగ్గరికి వెళ్లడం కాదు, యెహోవాను వెతక్కుండా వైద్యుల్నే నమ్ముకోవడం (2 దినవృత్తాంతములు 16:12).

అలాగే "యుద్ధం యెహోవాదే" అని 2 దినవృత్తాంతములు 20ని చేతులు కట్టుకుని కూర్చోవడానికి వాడకండి. శత్రుసైన్యం వస్తోందని విని రాజు యెహోషాపాతు మొదట భయపడ్డాడు (3), ఉపవాసం చాటించాడు. 6 నుంచి 12 వచనాల ప్రార్థనలో దేవుడెవరో, ఇంతకుముందు ఏం చేశాడో, ఇప్పుడు ఎవరు మీదికొస్తున్నారో వరసగా చెప్పి, ఏం చేయాలో తోచడం లేదు, "నీవే మాకు దిక్కు" అన్నాడు. వచ్చిన జవాబులో మీరు పోరాడనక్కర్లేదు అన్న మాట ఉంది, నిజమే. కానీ రేపు వాళ్లకు ఎదురుగా వెళ్లండి అన్న మాటా ఉంది, 16, 17 వచనాలు రెండింటిలోనూ. తెల్లవారే లేచి తెకోవ అరణ్యానికి నడిచారు. గెలుపు దేవుడిచ్చాడు, నడవాల్సింది వాళ్లే.

ఒలీవకొమ్మ

మూడో ప్రశ్న గురించి. అపొస్తలుల కార్యములు 12 చదివించండి. 2వ వచనంలో అపొస్తలుడు యాకోబును కత్తితో చంపించారు. అదే అధ్యాయంలో పేతురును దేవదూత చెరసాల నుంచి బయటికి తెచ్చాడు. పేతురు కోసం సంఘం అత్యాసక్తితో ప్రార్థించింది, సరే. అతను తలుపు దగ్గరికొచ్చాడని రొదే అనే పనిపిల్ల చెబితే ఆ ప్రార్థించినవాళ్లే ఆమెను పిచ్చిదన్నారు (15). కాబట్టి బయటపడ్డవాడి వెనక విశ్వాసం ఎక్కువ, చనిపోయినవాడి వెనక తక్కువ అని లెక్క కట్టడానికి వీల్లేదు. హెబ్రీ 11:35 కూడా అంతే: చనిపోయినవాళ్లను తిరిగి పొందినవాళ్లు, యాతన పెట్టబడినవాళ్లు ఒకే వచనంలో ఉన్నారు, అందరూ విశ్వాస వీరులే. "నీకు విశ్వాసం చాలలేదు" అన్న మాట మీ బృందంలో ఎవరి నోటా రాకుండా చూడండి. ఆ మాట ఉన్న బాధ మీద నేరం కూడా మోపుతుంది.

గడువులు పెట్టకుండా కూడా చూడాలి. యిర్మీయా 29:11 గోడకు తగిలించుకుంటాం గానీ 10వ వచనంలోని 70 ఏళ్ల బబులోను చెర చదవం. హనన్యా అనే ప్రవక్త రెండేళ్లలో అంతా సర్దుకుంటుందన్నాడు (28:3), జనానికి నచ్చింది. అది అబద్ధం. నిజమైన మాట ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి అన్నది (29:5). "వచ్చే నెలకల్లా జరిగి తీరుతుంది, నాకు బయలుపరచబడింది" అనే మాటతో ఆ నెల దాటాక కూలిపోయేది అవతలి మనిషే.

ఇంకొకటి, దీన్ని చివరికి నెట్టొద్దు. ప్రవక్త ఏలీయా చావు కోరుకున్నప్పుడు (1 రాజులు 19) దేవుడు మొదట ప్రసంగం చేయలేదు. నిద్ర, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు, మళ్లీ నిద్ర, మళ్లీ తిండి. దేవుడు ప్రశ్న అడిగింది హోరేబు కొండకు చేరాక. సరిగ్గా నిద్రా తిండీ లేని మనిషికి లోతైన వాక్యం ఎక్కదు. ఎవరైనా "బతకాలని లేదు" అంటే దాన్ని ఆత్మీయ బలహీనతగా తేల్చేయకండి. చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడగండి, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ఒంటరిగా వదలకండి, హాని చేసుకోగల వస్తువులు, మందులు అందుబాటులో లేకుండా చేయండి, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ప్రార్థన వెళ్లే దారిలో కూడా చేయొచ్చు.

ఉదయతార

అందరికీ కృతజ్ఞతలు. ఏ వరసలో పెట్టమంటారు? మొదటి వారం యెహోషాపాతు అనుకుంటున్నా, విజయంతో మొదలుపెడితే ఉత్సాహం వస్తుందని.

కీర్తనల పాఠకుడు

వద్దు సిస్టర్. బాధలో ఉన్నవాళ్లకు మొదటి వారమే విజయగాథ వినిపిస్తే, తమ కథ అలా లేదని రెండో వారం రారు. మొదట ఏలీయా, 13వ కీర్తన కలిపి. రెండో వారం యెహోషాపాతు, హిజ్కియా. మూడో వారం యిర్మీయా 32. నాలుగో వారం అపొస్తలుల కార్యములు 12, దానియేలు 3:17, 18 (దేవుడు రక్షించకపోయినా విగ్రహానికి మొక్కం అన్న ముగ్గురి మాట), గెత్సేమనే తోటలో యేసు ప్రార్థన. అక్కడ యేసు మూడుసార్లు ప్రార్థించాడు, పౌలు తన శరీరంలో "ముల్లు" అని పిలిచిన బాధ విషయంలో మూడుసార్లు వేడుకున్నాడు (2 కొరింథీ 12:8). ఇద్దరి విషయంలోనూ అడిగిన తీరులో జరగలేదు.

ప్రతి వారం చివర్లో పది నిమిషాలు మౌనంగా రాసుకోవడానికి ఉంచండి. రాసింది చదవమని ఎవర్నీ బలవంతపెట్టకండి. ప్రార్థన రాదు అనేవాళ్లకు మార్కు 9:24లో జబ్బు కొడుకును యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి అన్న మాట చాలు: నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సాయం చెయ్యి. ఆ మాట అన్నాకే ఆ తండ్రి కొడుకు బాగయ్యాడు.

బారూకు శిష్యుడు

ఈ వరస బాగుంది. మూడో వారానికి యిర్మీయా 32 మొత్తం చదవడానికి పది నిమిషాలు పట్టొచ్చు, 44 వచనాలు. ఇద్దరు ముగ్గురు పంచుకుని చదివితే నయం. 29 నుంచి 35 వరకు కఠినంగా ఉంటుందని దాటేయకండి. నగరం ఎందుకు పడుతుందో అక్కడే ఉంది, అది లేకపోతే 36 నుంచి వచ్చే వాగ్దానం గాల్లో వేలాడుతుంది.