గంగలో "నౌసాధనం", బ్రహ్మపుత్రలో ఏ దళం?

అందరికీ నమస్కారం. ఒక అనువాదంలో చిక్కొచ్చి పడింది. 1671లో అస్సాంను ఏలే అహోంలకూ మొగలులకూ జరిగిన సరాయ్‌ఘాట్ యుద్ధం గురించి రాస్తూ అహోం సైన్యంలోని పడవల బలగాన్ని "నౌకాదళం" అన్నాను. చదివిన మా అక్క "గువాహటిలో సముద్రం ఎక్కడుందిరా?" అంది. నిజమే, నౌకాదళం అనగానే మనకు విశాఖపట్నమే మెదులుతుంది. నది మీద పోరాడే దళానికి వేరే మాటేదైనా ఉందా?

జవాబు:
ముందు ఒక శ్లోకం చూద్దామండీ. కాళిదాసు రఘువంశం నాలుగో సర్గ, రఘువు దిగ్విజయం.

వంగానుత్ఖాయ తరసా నేతా నౌసాధనోద్యతాన్ ।
నిచఖాన జయస్తంభాన్ గంగాస్రోతోఽంతరేషు సః ॥

"నౌసాధనోద్యతాన్" అంటే పడవలే యుద్ధసాధనాలుగా సిద్ధమై నిలిచినవాళ్ళు. వాళ్ళు వంగదేశపు రాజులు. సముద్రం ఊసే లేదు, ఉన్నదల్లా గంగ పాయలు. రఘువు వాళ్ళను పెకలించి, పాయల మధ్య జయస్తంభాలు పాతాడు. ఉత్ఖాయ, నిచఖాన రెండూ "ఖన్" (తవ్వు) ధాతువు నుంచే వచ్చాయి. ఒకచోట తవ్వి తీశాడు, ఇంకోచోట తవ్వి పాతాడు. తర్వాతి శ్లోకంలో ఆ రాజులు, పీకి మళ్ళీ నాటిన వరిలా రఘువుకు ఫలాలిచ్చారట. నారు పీకి నాట్లు వేసే మనకు ఈ ఉపమానం విప్పి చెప్పక్కర్లేదు.

"స్రోతోంతరేషు" దగ్గర మన వ్యాఖ్యాత మల్లినాథుడు (మెదక్ వైపు కొల్చారం ఆయనది) ద్వీపాలని అర్థం చెప్పాడు. గోదావరి వాళ్ళు ఒక్క ముక్కలో "లంకలు" అనేస్తారు. జయస్తంభం లంకలో పాతడమంటే నీటిదారి తన చేతికి వచ్చిందని చాటడమే అని నాకనిపిస్తుంది.

ఇదంతా కవి కల్పనే అనుకోనక్కర్లేదు. ఆ నేల మీద గుర్రాల జోరు వానలు పడేదాకానే. సైన్యమైనా తిండిగింజలైనా కదలాలంటే పడవే గతి. అందుకే మొగలులు కూడా ఢాకాలో "నవారా" అనే పడవల బలగాన్ని పోషించాల్సి వచ్చింది. ఆ పేరులోనూ నావ వినిపిస్తోంది చూడండి.

మీ సరాయ్‌ఘాట్ కథా అదే. 1669లో అలాబోయి మైదానంలో అహోంలు మొగలు సేనాని రామ్ సింగ్ అశ్వదళం చేతిలో ఘోరంగా దెబ్బతిన్నారు. అయినా గువాహటి చుట్టూ కొండల నడుమ కట్టిన మట్టికోటలు నేలదారిని మూసేశాయి. మిగిలింది నది. అక్కడ బ్రహ్మపుత్ర సన్నబడుతుంది, పెద్ద బలగానికి మసలే చోటుండదు. జ్వరంతో ఉన్న అహోం సేనాని లాచిత్ బర్ఫుకన్ తానే పడవెక్కాడు. మొగలుల దాడి అక్కడితో ఆగింది.

అడిగినవారు:
అద్భుతం సార్. మరి "పడవల దండు" అనొచ్చా? నాకు మిడతల దండు గుర్తొస్తోంది!

జవాబు:
రానివ్వండి, తప్పేముంది! దండు మనకు సైన్యమే కదా. దండు కదిలింది, దండు విడిసింది అంటాం. కాకపోతే మొదటిసారి "నదీ నౌకాదళం" అని రాసి, ఆ తర్వాత పడవల దండు అనండి. ఉత్త నౌకాదళం కూడా తప్పు కాదు, నౌక నదిలోనూ నడుస్తుంది. చిక్కు మన ఊహలో ఉంది.

ఇంకొకరు:
సందు దొరికింది కాబట్టి అడుగుతున్నా. "నావికాదళం"లో ఆ దీర్ఘం ఎందుకండీ?

జవాబు:
నౌకా శబ్దానికి దీర్ఘం సహజం, కాబట్టి నౌకాదళం సరే. నావిక శబ్దం అకారాంతం, లెక్కప్రకారం "నావికదళం" కావాలి. పక్కమాట చూసి దీర్ఘం అంటుకుందనుకుంటా. వాడుకలో స్థిరపడిపోయింది, నేను దిద్దను.

అడిగినవారు:
మార్చానండీ: "నేల మీద ఓడిన అహోంలకు నది మిగిలింది, నది మీద పడవల దండు మిగిలింది." అక్క చదివి, "దండు అంటే ఎన్ని పడవలు?" అంటోంది.